అరువు ఆకాశము

దూరపు కొండలు నునుపు అను సామెత మనమందరము ఎరిగినదే. దూరమునుండి చూచువానికి కొండమీది రాళ్లు కానరావు, ముళ్లు కానరావు, లోయలోని బురద కానరాదు. దగ్గరకు పోయినవానికే అవి తెలియును. అట్లు దగ్గరకు పోయి చూచి వచ్చినవాడు, పోనివారికి ఏమి చెప్పవలెను? కొండ ఉన్నది ఉన్నట్లు చెప్పవలెనా? లేక విన్నవారు సంతోషించునట్లు దానిని మరికొంత నునుపుచేసి చెప్పవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, ఆలోచించినకొలది అది మన యిండ్లలోనికిని మన సంఘములలోనికిని వచ్చి కూర్చుండును. ఒక దూరదేశపు కొండలను దృష్టాంతముగా తీసికొని దీనిని విచారింతము.

ఇంగ్లండు దేశమునకు వాయవ్యముగా లేక్ డిస్ట్రిక్టు, అనగా సరస్సుల సీమ, అను కొండ ప్రాంతము కలదు. 1951లో దానిని జాతీయ వనముగా ప్రకటించిరి. 2017లో యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. ఇంగ్లండులో అన్నిటికంటె ఎత్తైన శిఖరమగు స్కాఫెల్ పైక్ అక్కడనే యున్నది. దాని ఎత్తు 978 మీటర్లు మాత్రమే. మన తూర్పు కనుమలలో అంతకు మించిన కొండలు కలవు. అయితే ఆ సీమకు ఎత్తుకంటె వానయే ప్రసిద్ధి. పడమట అట్లాంటికు మహాసముద్రమునుండి వచ్చు తేమగాలి ఆ కొండలకు తగిలి పైకెక్కి, చల్లబడి, వానగా దిగును. సీత్‌వెయిట్ అను చిన్న పల్లెలో సంవత్సరమునకు సగటున 3,500 మిల్లీమీటర్ల దరిదాపు వాన కురియును. ఇంగ్లండులో జనులు కాపురముండు చోట్లలో ఇంతటి వాన మరియొక చోట లేదు. మన అనంతపురము జిల్లా రైతు ఏడాది పొడుగునను ఆకాశమువైపు చూచి పొందు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. ఆ పల్లెకు సమీపమున ఉన్న హానిస్టర్ కనుమలో 2015 డిసెంబరు 5వ తేదీ సాయంకాలమునకు ముగిసిన ఇరువది నాలుగు గంటలలో 341 మిల్లీమీటర్లు కురిసినది. అనంతపురమునకు ఏడాదిలో దొరకుదానిలో సగమునకు మించిన వాన అచ్చట ఒక్క పగలు, ఒక్క రాత్రిలో దిగినదన్న మాట. ఆ దినములలో కెండల్, కెస్విక్, కార్లైల్ పట్టణములలో అనేకుల యిండ్లు నీట మునిగెను.

అట్టి సీమకు ఆకురాలు కాలమున కెమెరాలు పట్టుకొని సెలవులకు వచ్చువారు అనేకులు. ఆరేడుగురు ఒక జట్టుగా కూడుకొని, దారి చూపుటకును పని నేర్పుటకును ఒక ఉపాధ్యాయుని పెట్టుకొని, ఒక పల్లె విడిదిలో వారము దినములు బసచేయుదురు. తెల్లవారకముందే లేచి, సరస్సు ఒడ్డున మూడు కాళ్ల స్టాండు నిలిపి, సూర్యోదయము కొరకు కనిపెట్టుదురు.

వారిలో ఒకనిని మనస్సులో ఊహించుకొందము. అతడు ధనికుడు కాడు. సంవత్సరమంతయు జీతములో కొంతకొంత మిగిల్చి ఈ వారమును కొనుక్కొన్నాడు. అతని యింటి గోడమీది క్యాలెండరులో ఆ సరస్సే యున్నది: నీలాకాశము, తెల్లని మేఘములు, అద్దమువంటి నీటిలో తలక్రిందుగా కొండ. దానిని తన చేతులతో తీయవలెనని వచ్చినాడు. వచ్చిన గడియనుండి ముసురు. మొదటి దినము కొండయే కనబడలేదు. రెండవ దినము కొండ పాదము మాత్రము కనబడెను. కటకము తుడుచు గుడ్డ తడిసిపోయి, ఆ తడిగుడ్డతోనే మరల తుడువవలసి వచ్చెను. బూట్లలోనికి నీరు దిగెను. విడిదిలో పొయ్యిదగ్గర కోట్లు ఆరబెట్టుకొనుచు అందరు కిటికీవైపే చూచుచుండిరి.

మూడవ దినము ఉపాధ్యాయుడు వారిని సరస్సు ఒడ్డునకు గాక అడవిలోనికి తీసికొనిపోయెను. ఈ పని తెలిసినవారు చేయునది అదియే. మబ్బు మూసిన దినమున వెలుగు అన్ని వైపులనుండి సమముగా దిగును, నీడలు మెత్తబడును, చెట్ల క్రిందను బండల సందులను ఉన్న రంగులు ఎండ దినమునకంటె నిండుగా కనబడును. తడిసిన రాయి ఎండిన రాయికంటె రంగు దేరును. నాచు పచ్చగా మెరయును. అల్స్‌వాటర్ సరస్సునకు సమీపమున ఐరా ఫోర్స్ అను జలపాతము కలదు. ఇరువది మీటర్ల ఎత్తునుండి దూకు ఆ నీరు వానలు పడినప్పుడే నిండు గొంతుతో పలుకును. అతడు ఇదంతయు చూచెను, నేర్చుకొనెను, ఫొటోలును తీసెను. అయినను అతని మనస్సు క్యాలెండరుమీదనే యుండెను. వారము ముగిసెను. నీలాకాశము ఒక్క గడియయైనను కనబడలేదు.

ఇల్లు చేరిన తరువాత అతడు కంప్యూటరు ముందు కూర్చుండెను. ఫొటోలను దిద్దుటకు లోకమంతట వాడు ఫొటోషాప్ అను సాఫ్టువేరులో 2020 అక్టోబరున ఆకాశమును మార్చు సాధనము నొకదానిని చేర్చిరి. ఫొటోలో కొండ ఎక్కడ ముగియునో, ఆకాశ మెక్కడ మొదలగునో అది తానే గుర్తుపట్టును. మూసిన ఆకాశమును తీసివేసి, మరియొక చోట మరియొక దినమున తీసిన ఆకాశమును అతికించును. అతుకు తెలియకుండ కొండ రంగునుకూడ కొత్త ఆకాశమునకు తగినట్లు సవరించును. ఇప్పుడు సెల్‌ఫోనులలోను అట్టి సాధనములు కలవు. పూర్వము నిపుణునికి ఎంతో సమయము పట్టిన పని నేడు పిల్లవాని వ్రేలికి క్షణములో అగుచున్నది. అతడు ఒక నీలాకాశమును ఎన్నుకొనెను. వాన పోయెను. క్యాలెండరు వచ్చెను. "సరస్సుల సీమలో నా సెలవులు" అని వ్రాసి బంధుమిత్రులందరికి పంపెను. అందరు మెచ్చుకొనిరి.

ఇప్పుడు చెప్పుడి: అతడు ఎవని సొమ్ము దొంగిలించెను? ఎవనిని కొట్టెను? ఆకాశము ఎవని ఆస్తి? చూచినవారు సంతోషించిరి గదా! ఇందులో తప్పేమి?

తొందరపడి తీర్పు తీర్చకుందము. ఈ పని నేటిది కాదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు అను ఆంగ్లేయుడు గాజుపలకమీద కొలోడియన్ అను ద్రవము పూసి ఫొటో తీయు పద్ధతిని ప్రకటించెను. ఆ పలకలు నీలి వెలుగును అతిత్వరగా పట్టునవి. ఆకుపచ్చను ఎరుపును పట్టుటలో మిక్కిలి మందమైనవి. నేల స్పష్టముగా పడువరకు ఆగినయెడల ఆకాశము వెలిసి తెల్లకాగితమువలె మిగులును. మేఘముల కొరకు త్వరపడినయెడల నేల చీకటియగును. ఫ్రాన్సు దేశస్థుడైన గుస్తావ్ లెగ్రే 1856, 1857 సంవత్సరములలో సముద్రమునకు ఒక పలకయు ఆకాశమునకు ఒక పలకయు తీసి, రెంటిని ఒకే కాగితముమీద అచ్చువేసెను. ఆయన పటములలో ఒకే మేఘములు వేరువేరు సముద్రములమీద కనబడును. తరువాతి కాలమున కొందరు మేఘముల పలకలను పెట్టెలో దాచుకొని, కావలసినప్పుడు కావలసిన కొండమీద వాటిని అచ్చువేయుచుండిరి. అరువు ఆకాశము ఛాయాచిత్ర విద్యయంత పాతదే అనవచ్చును.

అంతేగాక, చిత్రకారుని మాట ఏమి? అతడు తన యిష్టము వచ్చిన ఆకాశమును వ్రాయును. ఎవరును అతనిని అబద్ధికుడనరు. మన తిరునాళ్లలో ఫొటోలు తీయువాడు తాజ్‌మహలు బొమ్మ వ్రాసిన తెర కట్టుచుండెడివాడు. దాని యెదుట దంపతులు నిలిచి ఫొటో తీయించుకొనెడివారు. ఆ ఫొటో చూచి వీరు ఆగ్రా పోయి వచ్చిరని మన ఊళ్లలో ఎవరును మోసపోలేదు. తెర తెరయే అని అందరికిని తెలియును. తెలిసినచోట మోసము లేదు.

దిద్దుబాటు ఏదైనను పాపమనుటయు సరికాదు. అమెరికా దేశపు ఆన్సెల్ ఆడమ్స్ (1902-1984) యోసెమిటీ లోయమీదినుండి మంచుతుపాను విడిపోవుచున్నప్పుడు తీసిన చిత్రము లోకప్రసిద్ధము. ఆయన అచ్చువేయునప్పుడు చీకటి గదిలో కొన్ని భాగములకు వెలుగు హెచ్చించి, కొన్నిటికి తగ్గించుచుండెను. ఆ పద్ధతిని తన గ్రంథములలో దాచక బోధించెను. అయితే ఆ తుపాను ఆ లోయదే, ఆ మేఘము ఆ గడియదే. ఉన్నదానిని తేటగా చూపుట వేరు. లేనిదానిని ఉన్నదని చూపుట వేరు.

కాబట్టి తప్పు రంగులో లేదు, కత్తెరలో లేదు, యంత్రములో లేదు. "నేను పోతిని, చూచితిని, అది ఇట్లుండెను" అను మాటలో ఉన్నది. ఆ మాట పలికిన క్షణమున మనుష్యుడు చిత్రకారుడుగా గాక సాక్షిగా నిలుచుచున్నాడు. సాక్షికి ఒక నియమము కలదు. బ్రిటను దేశములో ప్రకృతి దృశ్యముల ఛాయాచిత్రములకు జరుగు ఒక పేరుగల పోటీలో, 2012లో ప్రథమ బహుమానము పొందిన చిత్రమునుండి ఆ బహుమానమును వెనుకకు తీసికొనిరి. అది లిండిస్‌ఫార్న్ ద్వీపపు ఒడ్డున ఉన్న పడవల చిత్రము. దానిలోని మేఘములు పిమ్మట చేర్చబడినవని తేలెను. చిత్రము వికారముగా ఉన్నదని గాదు ఆ తీర్పు. పోటీ నియమములు ఒప్పుకొనినదానికి మించి అది మార్చబడినదనియే. సాక్ష్యమడిగినచోట అందము చాలదు.

అయినను ప్రశ్న మిగిలియున్నది. పోటీ లేదు, బహుమానము లేదు. మన సెలవుల మనుష్యుడు చేసినదానివలన నష్టపోయినది ఎవరు?

మొదట, అతని వెనుక పోవువారు. ఆ సీమలోనే హెల్వెల్లిన్ అను 950 మీటర్ల కొండ కలదు. చలికాలమందు జాతీయ వనమువారు నియమించిన ఒక మనుష్యుడు ప్రతిదినము ఆ కొండ ఎక్కును. పైన చలి ఎంత, గాలి ఎంత, మంచు ఎంత మందమున ఉన్నది, త్రోవ జారునా జారదా అని చూచి, దిగివచ్చి లోకమునకు ప్రకటించును. తాను తీసిన ఫొటోలనుకూడ జతపరచును. ఆ వార్త చదివియే అనేకులు మరునాడు కొండ ఎక్కవలెనా మానవలెనా అని నిశ్చయించుకొందురు. ఆ మనుష్యుడు ఒక దినము ముసురుకు విసిగి, తన ఫొటోలో నీలాకాశము అతికించెననుకొనుడి. ఎవడో పలుచని బూట్లతో బయలుదేరును. అతడు పడిపోయిన తరువాత వెదకుటకు పోవువారు జీతము లేని స్వచ్ఛంద సేవకులు; తమ పనులు విడిచి, చీకటిలో, వానలో, తమ ప్రాణములకు తెగించి పోవుదురు. అప్పుడు ఆ నీలాకాశము వెల ఎంత?

"అతడు ఉద్యోగి, నేను యాత్రికుడను, నా ఫొటోమీద ఎవని ప్రాణమును ఆధారపడలేదు" అని మనవాడు అనవచ్చును. కాని చూచువాడు ఈ రెండు ఫొటోలకు భేదము ఎట్లు కనిపెట్టును? లోకములో ఫొటోలన్నియు ఒకే కిటికీగుండ వచ్చుచున్నవి. ఒక్కొక్క అరువు ఆకాశము నిజమైన సాక్షి మాటకున్న విలువను కొంచెము తగ్గించును. దొంగ నాణెము ఒకటి సంతలో తిరిగినయెడల మంచి నాణెమునుకూడ కొరికి చూతురు గదా!

రెండవదిగా, ఆ సీమకే అన్యాయము జరిగినది. అది సరస్సుల సీమ ఎట్లాయెను? వానవలననే. ఆ పచ్చదనము, ఆ వాగులు, గొఱ్ఱెలు మేయు ఆ గడ్డి, అన్నియు ఆ మబ్బులోనుండి దిగినవే. అక్కడి థర్ల్‌మియర్ సరస్సునుండి 1894 మొదలుకొని మాంచెస్టరు మహానగరమునకు త్రాగునీరు పోవుచున్నది. కొండమీద పడు వాన సుమారు 96 మైళ్ల దూరము కాలువలగుండను గొట్టములగుండను పల్లమునకు పారి, ఎన్నడును ఆ కొండ చూడని బిడ్డల గిన్నెలోనికి వచ్చుచున్నది. అటువంటి చోట నిలిచి సరస్సును చూపుచు వానను తుడిచివేయుట, అన్నము తినుచు రైతును దాచుటవంటిది. ఆ వాతావరణమును మనము "చెడ్డ వాతావరణము" అందుము. ఎవనికి చెడ్డది? వారము దినములకు వచ్చినవానికి. ఏడాది పొడుగున అక్కడ నుండువానికి, అది కొన్నిసార్లు వరదయై ఇల్లు ముంచినను, జీవనాధారమును అదియే. ఆ రెండును నిజమే. నీలాకాశము అతికించినవాడు ఆ రెండింటిని ఒక్కసారే దాచెను.

మూడవదిగా నష్టపోయినవాడు అతడే. పది సంవత్సరములు గడచిన పిమ్మట అతడు ఆ ఫొటో చూచి, ఆ వారము నీలాకాశమే ఉండెనని తానే నమ్మవచ్చును. మూడవ దినపు అడవి, తడిసిన రాతి రంగు, జలపాతపు మ్రోత, పొయ్యిదగ్గర కలిసి కోట్లు ఆరబెట్టుకొన్న సహవాసము, ఇవి అతనికి నిజముగా ఇయ్యబడిన ఈవులు. తనకు ఇయ్యబడినదానిని పారవేసి, తనకు ఇయ్యబడనిదానిని గోడకు తగిలించుకొనెను.

చదువరులారా, కెమెరా పట్టుకొని విదేశపు కొండలకు పోవువారు మనలో బహు కొద్దిమంది. కాని అరువు ఆకాశము మన పల్లెలలో లేదందురా?

ఊరివాడొకడు గల్ఫు దేశమునకు కూలికి పోయెను. గది ఇరుకు, ఎండ తీవ్రము, జీతము చెప్పినంత లేదు. ఇంటివారు బాధపడుదురేమో అని, ఎవరిదో కారు ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొని పంపెను. తల్లి కన్నులు తుడుచుకొని సంతోషించెను. ప్రేమచేతనే పంపినాడు, నిజమే. అయితే ఆ ఫొటోను పినతండ్రి కుమారుడును చూచెను. పొలము తాకట్టు పెట్టి, ఏజెంటునకు రూపాయలు కట్టి, అతడును విమానమెక్కెను. హెల్వెల్లిన్ మీదికి పలుచని బూట్లతో బయలుదేరినవానికిని ఇతనికిని భేదమేమి?

పెండ్లిమాటలలో అప్పు దాచి, బిడ్డ జబ్బు దాచి, కళ్లము నిండిన ఏడాది లెక్కలే చూపుదుము. తరువాత ఆ ఇంటికి వచ్చిన ఆడుబిడ్డ మొదటి వానకే తడిసిపోవును.

ఇక మన ప్రార్థన కూటముల మాట. సాక్ష్యములు చెప్పుడని పెద్దలు అడుగుదురు. ఒకడు లేచును. ఆ ఏడాది అతని పంట పోయినది. కుమారుడు మాట వినుట లేదు. రాత్రులు నిద్ర లేదు. ప్రార్థింప కూర్చుండిన మాట రాదు. అయినను లేచి, "అంతయు మేలే, ఏ కొదువయు లేదు" అని చెప్పి కూర్చుండును. అందరు స్తోత్రము అందురు. వెనుక చాపమీద మొన్ననే బిడ్డను పాతిపెట్టిన తల్లి యొకతె కూర్చుండియున్నది. ఆమె మనస్సులో ఏమనుకొనును? "అందరికి ఆకాశము తేటగానున్నది, నా యింటిమీదనే మబ్బు పట్టినది, నా విశ్వాసములోనే ఏదో లోపమున్నది" అని ఆమె తలవంచుకొని పోవును, మరుసటి వారము రాకపోవచ్చును. ఆ మనుష్యుడు ఆమెకు విరోధముగా ఒక్క మాటయు పలుకలేదు. కాని అతని అరువు ఆకాశము ఆమెను ఒంటరిదానిని చేసినది. పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను (నిర్గమ. 20:16) మనము నేరము మోపుటను గూర్చియే అనుకొందుము. మన సుఖమును గూర్చి చెప్పిన అబద్ధముకూడ ఒక్కొక్కప్పుడు పొరుగువానిమీదనే పడును.

వేదగ్రంథము ఈ విషయమున ఎంత నిజాయితీగా నున్నదో చూడుడి. 88వ కీర్తన మొదటినుండి కడవరకు మొఱ్ఱయే. చీకటి మాటతోనే అది ముగియును. కీర్తనలను కూర్చినవారు దాని చివర ఒక తేట వచనమును అతికింపలేదు. ఉన్నది ఉన్నట్లు ఉంచిరి. అందుచేతనే చీకటిలో నున్నవాడు ఆ పుటను తెరచినప్పుడు, తనకంటె ముందు ఒకడు ఈ త్రోవను నడచెననియు, నడచుచునే దేవునితో మాటలాడెననియు తెలిసికొనుచున్నాడు. అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘమునకు వ్రాయుచు, ఆసియలో తమకు కలిగిన శ్రమను వారికి తెలియకుండ ఉంచుట తన కిష్టము లేదనియు, బ్రదుకుమీద ఆశకూడ వదలుకొంటిమనియు ఒప్పుకొనెను (2 కొరింథీ. 1:8). సంఘస్థాపకుడు తన గౌరవమునకు తక్కువయని దానిని తుడిచివేయలేదు. నోవహు కాలమున దేవుడుంచిన గురుతు ఎక్కడ నున్నది? మేఘములోనే (ఆది. 9:13). మేఘమును తుడిచివేసినవాడు ధనుస్సును ఎక్కడ చూపును?

దీనికి రెండవ ప్రక్కయు కలదు. అరువు ఆకాశము ఎల్లప్పుడు నీలముగానే యుండదు. ఫొటో గంభీరముగా నుండుటకై తేట దినముమీద కారుమబ్బులు అతికించువారును కలరు. అట్లే జాలి సంపాదించుటకు, చందాలు రాబట్టుటకు, తన కష్టమును పొరుగువాని కష్టముకంటె పెద్దదిగా చూపుటకు, లేని చీకటిని కల్పించు నివేదికలును ఉత్తరములును కలవు. ఉన్న మబ్బును దాచుట ఎంత అబద్ధమో, లేని మబ్బును తెచ్చుటయు అంతే అబద్ధము.

అట్లయిన ప్రతివాడును తన బాధ నంతటిని ప్రతివాని యెదుట పరచవలెనా? అక్కరలేదు. ఫొటోగ్రాఫరు తీసిన ప్రతి ఫొటోను చూపడు. కొన్నిటిని పెట్టెలో ఉంచుకొనును. మౌనముగా నుండుటకు మనుష్యునికి హక్కు కలదు. ఇంటి గుట్టు సంతలో విప్పుమని ఎవరును చెప్పరు. రోగియైన తల్లికి కుమారుడు తన కష్టమంతయు వ్రాయక, "నేను బ్రదికియున్నాను, నీ కొరకు ప్రార్థించుచున్నాను" అని వ్రాసిన అది అబద్ధము కాదు. చూపకుండుట వేరు, వేరొకటి చూపుట వేరు. చెప్పలేనప్పుడు ఊరకుండుము, చెప్పినప్పుడు ఆ దినపు ఆకాశమునే చూపుము.

సరస్సుల సీమకు పోయిన మనుష్యుడు ఏమి చేసియుండవలెను? పని కష్టమైనది కాదు. మబ్బు దిగిన కొండను, పొంగిన వాగును, తడిసిన చెట్టును చూపి, క్రింద "వారమంతయు వాన కురిసినది" అని వ్రాసియుండవచ్చును. నీలాకాశము మీద అంత మక్కువ ఉన్నయెడల దానిని అతికించి, "ఈ ఆకాశము నేను కల్పించినది" అని ఒక్క మాట చేర్చియుండవచ్చును. అప్పుడు అది తిరునాళ్ల తెరవంటిదగును, ఎవరును మోసపోరు. ఆ ఒక్క మాట వ్రాయుటకు అతనికి చేయి రాకపోయినయెడల, ఎందుకు రాలేదో తన్ను తానే అడుగుకొనవలెను. నిజము చెప్పినచో మెప్పు తగ్గునని భయపడిన చోటనే అబద్ధము మొదలగును.

ప్రియులారా, వచ్చు కూటములో మీరు సాక్ష్యము చెప్పుటకు లేచునప్పుడు, మీ వెనుక చాపమీద కూర్చుండినవారిని ఒకసారి జ్ఞాపకము చేసికొనుడి. మీ యింటిమీద వాన కురియుచున్న యెడల, "ఇంకను కురియుచున్నది, అయినను నడచుచున్నాను" అని చెప్పుడి. ఆ మాట విని, తడిసినవారిలో ఒకరు తల యెత్తుదురు.